శాలివాహనుడు అమ్మిన చేను

మా బ్రాంచిలో వ్యవసాయ రుణాల కాగితాలు సరిచూసే పని కొన్నేళ్ళ క్రితం నా మీద పడింది. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత దస్తావేజులు చాలా మటుకు తెలుగులోనే ఉంటాయి. ఈ ప్రాంతం ఇప్పుడు కృష్ణగిరి జిల్లా, 2004కు ముందు ధర్మపురి జిల్లా, 1965కు ముందు సేలం జిల్లా. జిల్లా పేరు మారుతూ వచ్చినా చేను అక్కడే ఉంది, కాగితం పెట్టెలోనే ఉంది. చదివేవాళ్ళే తగ్గిపోయారు.

ఒకరోజు పాతికేళ్ళ కుర్రవాడు బోరు వేయించుకోవడానికి అప్పు కావాలని వచ్చాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. చదువంతా తమిళంలో సాగింది. ప్లాస్టిక్ కవరులో తెచ్చిన కాగితాల అడుగున ఒక పాత క్రయపత్రం ఉంది. అప్పుకు ముప్ఫయ్యేళ్ళ లింకు కాగితాలు చాలు గనక బ్యాంకు వకీలు దాని జోలికి పోలేదు. కుర్రవాడి చిన్నాన్న కూడబలుక్కుని తెలుగు చదవగలడట. ఆయన చేత చదివించుకుని, చేను ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో ఒక నోటుబుక్కులో వరసగా తమిళంలో రాసుకొచ్చాడు. ఆ వరసలో మొదటి పేరు శాలివాహన. రెండో పేరు విక్రమ. మూడో పేరుతో వాళ్ళ వంశం మొదలయింది.

"ఈ శాలివాహన అనే ఆయనే కదా సార్ ముందు అమ్మింది? ఆయన వంశం వాళ్ళెవరన్నా వచ్చి మాకూ పాలుండాదని కేసు వేస్తారా?" అని అడిగాడు.

కాగితం తిప్పి చూశాను. శాలివాహన శకం 1802, విక్రమ నామ సంవత్సరం. అంటే మన లెక్కలో 1880. నవ్వు ఆగలేదు. ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. "ఆయన అమ్మలేదప్పా, అది తేదీ" అన్నాను. "మరి ఆయనెవరు?" అన్నాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు, సాయంత్రం లోపల పద్దు ముగించాలి. తర్వాత చెప్తానని పంపించేశాను.

ఆ తర్వాత అన్నది ఇన్నేళ్ళకు ఈ వ్యాసమైంది. నేను బి.కాం. చదివినవాణ్ణి, చరిత్ర నా వృత్తి కాదు. పండితులెవరైనా చదివితే పెద్దమనసు చేసుకోవాలి. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఖాతాలో పేరుంటే మనిషి ఉండాలి, మనిషి ఉంటే సంతకం ఉండాలి. రాజులకు సంతకమంటే శాసనం, నాణెం. ఈ నిబంధన గట్టిగా పాటిస్తే మనం చిన్ననాటినుంచీ తలుచుకునే రాజుల్లో చాలామందికి ఖాతా తెరవడం కుదరదు. ఆ క్రయపత్రం మీద ఉన్న ఇద్దరికీ అసలే కుదరదు.

మా అవ్వ చెప్పిన కథలో శాలివాహనుడు పైఠానులో కుమ్మరివాళ్ళ ఇంట పెరిగిన పిల్లవాడు. తల్లి బ్రాహ్మణ పిల్ల, తండ్రి ఆదిశేషుడు. కుమ్మరి సారె పక్కన కూర్చుని మట్టితో ఏనుగులు, గుర్రాలు, బంట్లు చేసుకుని ఆడుకునేవాడు. ఉజ్జయినినుంచి విక్రమార్కుడు దండెత్తి వస్తే ఆ మట్టిబొమ్మలకు ప్రాణం వచ్చి కదిలాయి. విక్రమార్కుడు ఓడిపోయాడు. నర్మదకు అవతల విక్రముడి లెక్క, ఇవతల శాలివాహనుడి లెక్క అని ఒప్పందమైంది. మా అవ్వకు నర్మద ఎక్కడుందో తెలియదు. "అదేదో ఏరు" అనేది.

ఇక చరిత్ర చూద్దాం. క్రీస్తుశకం 78లో మొదలైన ఆ లెక్కను తొలి శాసనాల్లో శాలివాహనుడి పేరుతో ఎక్కడా చెప్పలేదు. కర్ణాటకలో బాదామి మూడో గుహ చూసినవాళ్ళు మన పాఠకుల్లో చాలామంది ఉంటారు. చాళుక్య మంగళేశుడి శాసనం అక్కడుంది. శక రాజు పట్టాభిషేకం జరిగి 500 ఏళ్ళయిందని అందులో తేదీ చెప్పారు. అంటే క్రీ.శ. 578. శకులు పరాయివాళ్ళు, వాయవ్యంనుంచి వచ్చినవాళ్ళు. పశ్చిమ భారతంలో వాళ్ళ క్షత్రపులు రాజ్యం చేశారు, నాణేలు వేశారు. వాళ్ళతో తరతరాలు పోట్లాడినవాళ్ళు మన శాతవాహనులు. గౌతమీపుత్ర శాతకర్ణిని ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనం శకులను నాశనం చేసినవాడని పొగిడింది.

ఇప్పుడు జరిగిన తమాషా చూడండి. శకుల లెక్క వాడుతూ వాడుతూ జనం శకులెవరో మరిచిపోయారు. శకమంటే లెక్కే అనుకున్నారు. లెక్కకు యజమాని పేరు లేకపోతే ఎట్లా? శాతవాహన అన్న పేరు నోళ్ళలో నలిగి శాలివాహన అయింది, దాన్ని తెచ్చి ముందు తగిలించారు. విజయనగర కాలం వచ్చేసరికి తెలుగు, కన్నడ శాసనాల్లో శాలివాహన శకం మామూలైపోయింది. చంపినవాడి పేరు, చచ్చినవాడి పేరు పక్కపక్కన పెట్టి ఇద్దరూ ఒకటే అనుకుని వందల ఏళ్ళుగా పెళ్ళి పత్రికలు రాసుకుంటున్నాం. మా బ్యాంకులో ఇద్దరు శత్రువుల పేర్లమీద జాయింట్ అకౌంటు ఇంతకాలం నడిచిన దాఖలా లేదు.

1957 మార్చి 22న భారత ప్రభుత్వం జాతీయ పంచాంగానికి ఈ లెక్కనే తీసుకుంది. శాలివాహనుడి పేరు పెట్టకుండా శకం అని ఊరుకున్నారు. చరిత్రకారుల్లో కొందరు ఇది కుషాణు రాజు కనిష్కుడి పట్టాభిషేకం నాటిదంటారు. అది వాళ్ళ తగాదా, వాళ్ళనే తేల్చుకోనిద్దాం.

విక్రముడి సంగతి ఇంకా చిత్రం. క్రీస్తుకు పూర్వం 57లో మొదలైన లెక్క ఆయనదంటారు. ఆ లెక్కతో దొరికిన తొలి శాసనాలు దాన్ని కృత సంవత్సరమన్నాయి, తర్వాత మాళవ గణపు లెక్క అన్నాయి. విక్రముడి పేరు దానికి అంటుకున్నది తొమ్మిదో శతాబ్దంలో. రాజస్థాన్‌లోని ధోల్‌పూరు శాసనంలో 898వ ఏడు అని కనిపిస్తుంది, అంటే క్రీ.శ. 842. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు ఆ లెక్క విక్రముడు లేకుండానే నడిచింది. విక్రమాదిత్య బిరుదున్న రాజులు మాత్రం కావలసినంతమంది ఉన్నారు. అందరిలో పెద్దవాడు గుప్త వంశపు రెండో చంద్రగుప్తుడు. నాలుగో శతాబ్దం చివర, అయిదో శతాబ్దం మొదట్లో ఏలాడు, పశ్చిమాన శక క్షత్రపుల రాజ్యాన్ని ముగించాడు, నాణేల మీద ఆ బిరుదు వేసుకున్నాడు. ఆయన వెలుగు వెనక్కి పడి నాలుగైదు వందల ఏళ్ళ కిందటి ఖాళీ కుర్చీలో ఒక రాజును కూర్చోబెట్టిందేమో.

దీనికి ఎదురు ఉదాహరణ కర్ణాటకలోనే ఉంది. కల్యాణి చాళుక్యుల్లో ఆరో విక్రమాదిత్యుడు 1076లో గద్దెనెక్కి, శక సంవత్సరాన్ని పక్కకు పెట్టి చాళుక్య విక్రమ శకమని తన పేర కొత్త లెక్క మొదలుపెట్టాడు. ఈయనకు అన్నీ ఉన్నాయి. యాభయ్యేళ్ళ పాలన ఉంది, బిల్హణుడు రాసిన కావ్యం ఉంది, ఆస్థానంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడున్నాడు, కన్నడ తెలుగు దేశాల నిండా శాసనాలున్నాయి. ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకే ఆ లెక్క మూలపడింది. ఉన్న విక్రముడి లెక్క ఆగిపోయింది, లేని విక్రముడి లెక్కతో గుజరాతు వ్యాపారులు ఇప్పటికీ దీపావళినాడు కొత్త ఖాతా పుస్తకం తెరుస్తారు. నా వృత్తికి ఇది బాధ కలిగించే విషయమే.

భేతాళ కథలు అందరికీ తెలుసు గనక వాటి కథ చెప్పను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో శవాన్ని భుజాన వేసుకున్న రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని ఊరు ఉజ్జయిని కాదు, గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం. అంటే పైఠాను. అంటే శాలివాహనుడి ఊరు! ఏ ఊరివాడి చేతిలో విక్రమార్కుడు ఓడిపోయాడని మా అవ్వ చెప్పిందో ఆ ఊరి రాజు కథే నోటినోటా మారుతూ విక్రమార్కుడి ఖాతాలో జమ అయింది. మహారాష్ట్రలో ఉన్న మన పాఠకులు పైఠానుకు వెళ్తే గోదావరి ఒడ్డున ఒక్క నిమిషం నిలబడి ఈ అన్యాయాన్ని తలుచుకోవాలి. తిట్టవలసినది ఎవరినో మాత్రం నాకు తోచలేదు.

భేతాళుడు మన ఇళ్ళకు వచ్చిన దారి కూడా చెప్పుకోదగ్గది. చందమామ 1947 జూలైలో మద్రాసునుంచి తెలుగులో, తమిళంలో ఒకేసారి మొదలైంది. తమిళంలో పేరు అంబులిమామ. 1949లో కన్నడం వచ్చింది. మా ఇంట్లో తెలుగు చందమామ, పక్కింట్లో అంబులిమామ తెప్పించేవారు. రెండిటిలోనూ అదే బొమ్మ, కత్తి దూసి, శవాన్ని భుజాన వేసుకుని, వెనక్కి చూస్తూ నడిచే రాజు. ఆ బొమ్మ వేసిన శంకర్ గారు తమిళులు, 2020లో తొంభై ఆరేళ్ళ వయసులో పోయారు. పాతిక కథలు ఎన్నడో అయిపోయినా ఆ చట్రంలో కొత్త కథలు బిగించి దశాబ్దాల తరబడి రాజును నడిపిస్తూనే ఉన్నారు. పైఠాను రాజు, కాశ్మీర కవి, ఉజ్జయిని పేరు, తెలుగు సంపాదకులు, తమిళ చిత్రకారుడు. ఈ రాజు ఏ భాషవాడని నిర్ణయిస్తారు? మా వీధిలో మాత్రం ఆ తగాదా రాలేదు. పక్కింటి పిల్లలు, మేము పుస్తకాలు మార్చుకునేవాళ్ళం. నేను తమిళ అక్షరాలు కూడబలుక్కున్నది ఆ అంబులిమామ మీదే. కథ ముందే తెలుసు గనక అక్షరం తప్పినా దారి తప్పేవాణ్ణి కాదు.

భోజరాజు దగ్గరికి వస్తే ఈయన ఖాతాకు కాగితాలన్నీ ఉన్నాయి. మాళవంలో ధారానగరం రాజధానిగా పదకొండో శతాబ్దం పూర్వార్ధంలో ఏలిన పరమార రాజు. అలంకార శాస్త్రం మీద, శిల్పశాస్త్రం మీద గ్రంథాలు రాశాడు. భోపాల్ దగ్గర భోజ్‌పూరులో ఆయన పేర చెప్పే శివాలయం సగంలో ఆగిపోయి ఈనాటికీ నిలబడి ఉంది. అయినా మనకు తెలిసిన భోజుడు ఈయన కాడు. మన భోజుడి కొలువులో కాళిదాసు ఉంటాడు. కాళిదాసు భోజుడికి కనీసం అయిదు వందల ఏళ్ళ ముందువాడు. పదహారో శతాబ్దంలో బల్లాలుడనే ఆయన భోజప్రబంధం రాస్తూ కాళిదాసునూ, ఏడో శతాబ్దంలో హర్షుడి కొలువులో ఉన్న బాణుణ్ణీ, ఎనిమిదో శతాబ్దపు భవభూతినీ తెచ్చి ఒకే వరసలో కూర్చోబెట్టాడు. కవికి అక్షర లక్షలు ఇచ్చే రాజు ఒకడు ఉండి తీరాలని ఆయన అనుకున్నాడు. నాకు తోచేదేమిటంటే, ఆ కోరిక కవులందరిదీ. బిరుదిచ్చి శాలువా కప్పి పంపించేసే రోజుల్లో అది ఇంకా బలపడింది.

సినిమా వాళ్ళు బల్లాలుడినే నమ్ముకున్నారు. తెలుగులో 1960లో వచ్చిన మహాకవి కాళిదాసులో నాగేశ్వరరావు కాళిదాసు, రంగారావు భోజరాజు. కన్నడంలో 1983 నాటి కవిరత్న కాళిదాసలో రాజ్‌కుమార్ కాళిదాసు, కొలువు మళ్ళీ భోజుడిదే. అయిదు వందల ఏళ్ళ తేడాను ఇంటర్వెల్ లేకుండా దాటించారు.

మన తెలుగువాళ్ళు ఈ ఇద్దరు రాజులను కావ్యాల్లోకి తెచ్చుకున్నది పదిహేనో శతాబ్దంలో. జక్కన విక్రమార్క చరిత్ర, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, అనంతామాత్యుడి భోజరాజీయం అప్పటివే. భోజరాజీయంలో ఉన్న ఆవూ పులీ కథ మన పాఠకుల్లో కన్నడ బడిలో చదువుకున్నవాళ్ళకు వేరే పేరుతో తెలుసు, పుణ్యకోటి అని. నేను బెంగుళూరులో పని చేస్తున్నప్పుడు ఒక కన్నడ సహోద్యోగి ఆ పాట పాడితే మా అవ్వ చెప్పిన కథ కదా ఇది అన్నాను. ఆయన మా అవ్వ చెప్పిన కథ అన్నాడు. ఇద్దరి అవ్వలూ పోయారు గనక సాక్ష్యం లేదు.

సింహాసన ద్వాత్రింశిక మొదట్లో వచ్చే మిట్ట కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒక బ్రాహ్మణుడు చేనుకు కాపలాగా మిట్ట మీద మంచె వేసుకుంటాడు. మంచె మీద ఉన్నంతసేపు దారినపోయేవాళ్ళను పిలిచి, రండి, కావలసినంత కోసుకోండి అంటాడు. దిగగానే, నా చేను పాడు చేశారని మొత్తుకుంటాడు. ఎక్కితే దాత, దిగితే పిసినారి. భోజరాజు ఈ వింత విని ఆ మిట్ట తవ్విస్తే కింద ముప్ఫైరెండు బొమ్మల విక్రమార్కుడి సింహాసనం బయటపడింది. అసలు ఎన్నడూ లేని రాజు కూర్చున్న కుర్చీ నేల లోపల ఉండి పైన ఉన్నవాడి బుద్ధిని మార్చిందట.

రాయలవారి విషయం రాయడానికి నాకు కొంచెం జంకుగా ఉంది. కారణం చెబుతాను. మా ఊళ్ళో తెలుగు సంఘంవాళ్ళు ఉగాదికి భువనవిజయం రూపకం వేసేవారు. మీ ఊళ్ళలోనూ వేసి ఉంటారు. కిరీటాలు, పట్టుబట్టలు నాటకాల సామాను అద్దెకిచ్చే అతని దగ్గరనుంచి వచ్చేవి. ఎనిమిది మంది కవులు ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీల మీద శాలువాలు పరుచుకుని కూర్చునేవారు. రాయలవారి వేషం ఇరవై ఏళ్ళుగా ఒక తెలుగు పండితులది. బడినుంచి రిటైరైనా కొలువునుంచి రిటైరు కాలేదు. నేను సంఘం కోశాధికారిని. 2009లో, రాయలు పట్టాభిషిక్తుడై 500 ఏళ్ళు నిండిన సంవత్సరం గనక ఈసారి ఘనంగా చేయాలని కూర్చున్నప్పుడు, ఖర్చుల పట్టిక చదివి ఊరుకోక, నా అధిక ప్రసంగం ఒకటి చేశాను.

నేనన్నది అబద్ధం కాదు. రాయలు 1509నుంచి 1529 దాకా ఏలాడు. పెద్దన, తిమ్మన ఆయన కొలువులోవారే, అనుమానం లేదు. రామరాజభూషణుడు వసుచరిత్ర అంకితమిచ్చింది తిరుమల దేవరాయలికి. ఆయన 1565 యుద్ధం తర్వాత పెనుగొండలో రాజ్యం నిలబెట్టుకున్నవాడు. పింగళి సూరన కావ్యాలూ రాయల తర్వాతి కాలానివే. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం విరూరి వేదాద్రికి అంకితం, రాయలకు కాదు. సాహిత్య చరిత్రకారుల్లో చాలామంది ఆయనను తర్వాతి తరంవాడిగానే లెక్కవేస్తారు. ఎనిమిది కుర్చీల్లో సగమన్నా ఖాళీగా ఉంచవలసినవే. అద్దె కూడా తగ్గుతుందని ఒక హాస్యం విసిరాను. ఎవరూ నవ్వలేదు.

పండితులవారు కిరీటం పెట్టుకోకుండానే రాజుగారిలా కాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత, "నాకు తెలుసు అబ్బయా, నేను చదివిందీ ఆ చరిత్రే" అన్నారు. "ఆ హాల్లో కూర్చునే పిల్లోళ్ళు తెలుగులో పద్యం వినేది ఏడాదికి ఒక దినం. ఆ దినం ఎనిమిది మందీ రావల్ల. నలుగురు వస్తే చాలంటావా?"

అప్పటికి 2006 చట్టం వచ్చి మూడేళ్ళయింది. ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి చేస్తూ ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకుతోంది. మా ప్రాంతపు తెలుగు బడుల్లో ఏ అయ్యవారిని అడిగినా అదే మాట. నేను తల వంచుకుని ఎనిమిది శాలువాలకూ చెక్కు రాశాను. ఆ ఉగాదికి తెనాలి రామకృష్ణుడి వేషం వేసిన పదేళ్ళ పిల్లవాడు పద్యాన్ని తమిళ లిపిలో రాసుకుని బట్టీ పట్టాడని తర్వాత తెలిసింది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం గనక రెండుచోట్ల తడబడ్డాడు. చప్పట్లు మాత్రం అతనికే ఎక్కువ వచ్చాయి.

తర్వాత నేను చదువుకున్నదాన్నిబట్టి చూస్తే పండితులవారి మాటకు బలం ఉంది. అష్టదిగ్గజాల ఈ కొలువును కట్టింది రాయల మేస్త్రీలు కాదు, తర్వాతి తరాల నోళ్ళలో తిరిగిన చాటుపద్యాలని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు చెప్పారు. చాటుపద్యాల లోకంలో కాలం తేడా లేదు, ఏ కవి ఏ రాజు దగ్గరికైనా రావచ్చు. బల్లాలుడు భోజుడికి చేసినదే మనవాళ్ళు రాయలకు చేశారు. ఒక పెద్ద తేడా ఉంది. బల్లాలుడిది ఒక్కడి పని. రాయల కొలువు ఊరూరా చందాలు వేసుకుని కట్టినట్టు కట్టారు. తెనాలి రాముడి కథలు తమిళంలో, కన్నడంలో, తెలుగులో ఎవరికి వాళ్ళవే. 1956లో బి.ఎస్. రంగా గారు ఒకే కథను తెలుగులో తెనాలి రామకృష్ణగా, తమిళంలో తెనాలి రామన్‌గా తీశారు. రామకృష్ణుడు తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో శివాజీ గణేశన్. రాయలు మాత్రం రెండిట్లోనూ రామారావే. 1970లో కన్నడంలో శ్రీ కృష్ణదేవరాయ వచ్చింది, రాజ్‌కుమార్ రాయలు. చరిత్ర రాయలు ఎవరివాడని సభల్లో గొంతులు చించుకునేవాళ్ళు, కథల రాయలను మూడు భాషలవాళ్ళు పంచుకుంటుంటే గమనించరు.

తిమ్మరుసు కళ్ళు పొడిపించిన కథకు మూలం ఎక్కడుందో తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. దాన్ని రాసిపెట్టినవాడు నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, రాయలు పోయిన కొన్నేళ్ళకు విజయనగరంలో ఉన్నవాడు. రాజు గద్దెనెక్కకముందు, తమ్ముడి కళ్ళు పీకించమని అన్న ఆజ్ఞాపిస్తే మంత్రి మేక కళ్ళు తెచ్చి చూపించి ఆ తమ్ముణ్ణి కాపాడాడనీ, చివరికి ఆ మంత్రి కళ్ళనే ఆ రాజు తీయించాడనీ ఆయన రాశాడు. రాబర్ట్ స్యూయల్ 1900లో అచ్చువేసిన పుస్తకంలో అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంత బాగా అతికిన కథ నిజమేనా అని లెక్కలవాడికి అనుమానం వస్తుంది. మొదటి పద్దుకూ చివరి పద్దుకూ పైసా తేడా లేకుండా సరిపోతే మేము రెండోసారి తనిఖీ చేస్తాం. అయినా 1962లో మహామంత్రి తిమ్మరుసు చూసి వచ్చినరోజు మా నాన్న రాత్రి అన్నం తినలేదట.

ఇక మన జానపద సినిమా రాజుల మీద రాయాలంటే వేరే వ్యాసం కావాలి. వాళ్ళు పాపం ఏ పనీ చేయరు. దండోరా వేయించి, అర్ధరాజ్యం, కూతురు ఇస్తామంటారు. ముగ్గురు కూతుళ్ళున్న రాజు ముగ్గురికీ ఈ లెక్కన ఇస్తే మిగిలేది ఎనిమిదో వంతు. ఏ రాజూ ఆ లెక్క వేసుకున్నట్టు కనబడడు. ఒక్క పాతాళభైరవి (1951) ఉజ్జయిని రాజు మాత్రం జాగ్రత్తపరుడు. తోటమాలి కొడుకు పిల్లనడిగితే తనంత సంపద తెచ్చి చూపించమంటాడు. మార్జిన్ మనీ అడిగిన తొలి తెలుగు రాజు ఆయనే. ఆ సినిమాకు ఆసరా అయిన కాశీమజిలీ కథలు మధిర సుబ్బన్న దీక్షితులు గారు పన్నెండు భాగాలుగా రాశారు. మజిలీకొక కథ, కథకొక రాజు. గండికోట రహస్యం (1969) తీసిన విఠలాచార్య గారు ఉడుపివారు. అసలు గండికోట పెన్న గండి మీద ఉంది, పెమ్మసానివారిది. కోట పోయాక వాళ్ళలో కొందరు మనలాగే తమిళ దేశానికి వచ్చేశారు. సినిమాలోని రాజులకు వాళ్ళతో ఏ చుట్టరికమూ లేదు. మొన్న మొన్నటి బాహుబలి (2015) మాహిష్మతికీ అంతే. ఆ పేరుగల పాత నగరం నర్మద ఒడ్డున ఉండేది, ఇప్పటి మహేశ్వరమే అదని అంటారు. మా అవ్వ "అదేదో ఏరు" అన్న ఏరు.

ఆ కుర్రవాడి అప్పు సంగతి చెప్పలేదు కదూ. కాగితాలు సరిపోయాయి. వారం తర్వాత చేను చూడటానికి వెళ్ళాను. ఊరికి కొంచెం దూరంలో, రాగి చేను, ఒక పక్క చింతచెట్లు. పాత క్రయపత్రం వెంట తీసుకెళ్ళి, గట్టు మీద కూర్చుని అతనికి మొత్తం చదివి వినిపించాను. శకం, సంవత్సరం, మాసం, తిథి, నాలుగు పక్కల ఎల్లలు. తూర్పు ఎల్ల చెప్పినచోట ఒక చింతచెట్టు రాసి ఉంది. అతను లేచి వెళ్ళి ఆ పక్కనున్న చెట్టును చేత్తో తట్టి చూశాడు. అది ఆ చెట్టు మనవరాలై ఉంటుందన్నాను. చిన్నాన్నను అడిగి అక్షరాలు నేర్చుకుంటానన్నాడు. నేర్చుకున్నాడో లేదో, నాకు ఆ తర్వాత బదిలీ అయింది.

చేను మధ్యలో కొంచెం ఎత్తుగా ఒక మిట్ట ఉంది. పిట్టల్ని తోలడానికి దాని మీద మంచె వేశారు. బోరు ఎక్కడ వేయాలో అక్కడినుంచి బాగా కనిపిస్తుందని అతనంటే ఎక్కి నిలబడ్డాను. గాలి హాయిగా ఉంది. కింద రాగి వెన్నులు ఒక్కటిగా ఊగుతున్నాయి.

"ఎంత ఇస్తారు సార్?" అని కిందనుంచి అడిగాడు.

"దిగినాక చెప్తానుండప్పా" అన్నాను.